పొగాకు, పెద్దరికము, కళాశాల ప్రాంగణము

హిందూపురమునకు పదునైదు కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షి వీరభద్రాలయములో, అచ్యుతదేవరాయల కాలమున మండపపు కప్పులపై లిఖింపబడిన వర్ణచిత్రములను తలయెత్తి నిదానముగ చూచువారికి, ఆనాటి పురుషుల తలపాగలు, స్త్రీల కేశబంధములు, చీరల అంచులలోని హంసలు, లతలు, వరుసగ నిలిచిన పరిచారికల చేతులలోని వస్తువులు సయితము స్పష్టముగ కానవచ్చును. ధర్మవరపు నేతగాండ్రు తమ పట్టుచీరల అంచులకు నేటికిని ఆ చిత్రములనుండి నమూనాలు గ్రహించుచుందురు. అయితే ఆ విస్తారమైన చిత్రసంచయములో ఏ రాజు చేతను, ఏ సేవకుని చేతను పొగచుట్ట లేదు. ఉండుటకు వీలును లేదు. ఆ చిత్రములు వెలసిన 16వ శతాబ్ది పూర్వార్ధమున ఈ సీమ నేల పొగాకు మొక్కను ఇంకను ఎఱుగదు. అంతకు నూఱేండ్ల క్రిందట, 1443లో, విజయనగరమును దర్శించిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ ఇచ్చటి జనుల వేడుకలను వర్ణించుచు తాంబూలమును గూర్చి విస్తరించి వ్రాసెను గాని, నోటినుండి పొగ విడుచు మనుజుని అతడెచ్చటను చూడలేదు.

నేడు హిందూపురము, పెనుకొండ, ధర్మవరములందలి కళాశాలల యెదుట ధూమపాన నిషేధమును గూర్చిన చర్చ వచ్చినప్పుడెల్ల, పొగ త్రాగుట తాతముత్తాతలనాటి అలవాటనియు, దానిపై ఆంక్ష నిన్నమొన్న ఢిల్లీనుండి దిగివచ్చిన కట్టుబాటనియు తలచి మాటలాడువారు పెక్కురు కనబడుదురు. చరిత్రను తడవి చూచినచో ఈ తలంపు నిలువదు. పొగాకు మనకు నాలుగు శతాబ్దుల చుట్టము. పొగపై ఆంక్ష యన్ననో అంతకంటె ఎంతయో ప్రాచీనమైనది.

ఔషధ ద్రవ్యములను నూఱి, వర్తిగ చేసి, ఆరబెట్టి, దాని పొగను పీల్చు విధానము మన ఆయుర్వేదమున కలదు. చరక సంహిత సూత్రస్థానములోని అయిదవ అధ్యాయము దానికి కాలములను నియమించి, వేళ తప్పి త్రాగినను, మితిమీఱి త్రాగినను కలుగు ఉపద్రవములను కూడ చెప్పినది. బాణుని కాదంబరిలో శూద్రక మహారాజు భోజనానంతరమున అట్టి ధూమవర్తిని సేవించును. వాగ్భటుని అష్టాంగహృదయము ఇంకను ఒక అడుగు ముందునకు పోయి, పదునెనిమిది యేండ్లు నిండనివానికి ధూమము తగదని వయోనియమమునే విధించినది. ఈ పదునెనిమిది యను సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొనవలెను. వేయేండ్లకు పైబడిన పిమ్మట అదే సంఖ్య భారత పార్లమెంటు శాసనములో మరల కనబడనున్నది. ఔషధ ధూమమునకును పొగాకునకును పోలిక లేదనుట నిజమే. కాని వయస్సు, కాలము, మాత్ర అను మూడు కట్టుబాట్లు లేక ఏ పొగయు మన పెద్దల నోట చేరలేదనుటకు ఇంతకంటె ప్రబలమైన సాక్ష్యము అక్కరలేదు.

పొగాకు పోర్చుగీసువారి ఓడలలో దక్కన్ తీరమునకు చేరినది. 1604 ప్రాంతమున అక్బరు పాదుషా పనుపున బీజాపురమునకు వచ్చిన అసద్ బేగ్ అను ఉద్యోగి అచ్చట పొగాకును మొదటిసారి చూచి ముగ్ధుడై, రత్నములు పొదిగిన గొట్టమును సిద్ధపఱచి, పొగాకుతో పాటు ఆగ్రాకు కొనిపోయి పాదుషాకు సమర్పించెను. తన వృత్తాంతమున అతడు వ్రాసిన ఆ సభా సన్నివేశము, నా యెఱుకలో, ఈ దేశమున పొగాకును గూర్చి జరిగిన మొట్టమొదటి వాగ్వాదము. అక్బరు కుతూహలముచే రెండు మూడు మార్లు పీల్చగా ఆస్థాన వైద్యుడు వారించెను. మన విజ్ఞులు పరీక్షించి అంగీకరింపని పదార్థమును, విదేశీయులు వాడుచున్నారను మాత్రమున మనము స్వీకరింపరాదని వైద్యుని వాదము. లోకములోని ప్రతి ఆచారమును ఒకానొక నాడు క్రొత్తదియే గదా యని అసద్ బేగ్ ప్రతివాదము. పాదుషా అసద్ బేగ్ చాతుర్యమును మెచ్చెను గాని తాను మాత్రము ఆ అలవాటునకు లోబడలేదు. అదే 1604లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు పొగాకును దూషించుచు ఒక పుస్తకమునే ప్రకటించెను. జహంగీరు 1617లో పొగాకును నిషేధించి ఆ సంగతిని తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఆ నిషేధము నిలువలేదు.

ఈ వాదములన్నిటిలో ఒక లోపము కలదు. త్రాగువాని దేహమునకు మేలా కీడా యని తర్కించిరే గాని, ప్రక్కన నిలుచున్నవాని ఊపిరిని గూర్చి రాజుగాని, హకీముగాని ఒక్క మాటయు అనలేదు. నేటి కళాశాల చర్చకు మూలమైన ఆ ప్రశ్న పుట్టుటకు ఇంక మూడు శతాబ్దులు పట్టినది.

పెనుకొండకు ఈ క్రొత్త ఆకు ఎన్నడు ఎవరి చేత వచ్చినదో చెప్పు శాసనము నాకు కనబడలేదు. తళ్లికోట యుద్ధానంతరము తిరుమలదేవరాయలు పెనుకొండను రాజధానిగ చేసికొనెను. రెండవ వేంకటపతిరాయలు పిదప చంద్రగిరికి తరలిపోయెను. 17వ శతాబ్ది మధ్యభాగమున దుర్గము బీజాపురమువారి వశమైనది. అసద్ బేగ్ పొగాకును చూచినది ఆ బీజాపురముననే గనుక, సైనికుల వెంటను, సంతల వెంటను అది ఈ కొండదారులను ఎక్కినదని ఊహించుట అసంగతము కాదు.

ఎట్లు వచ్చినను, వచ్చిన వస్తువును ఈ ప్రాంతపు సంఘము తన మర్యాదలలోనికి ఇముడ్చుకొన్నది. ఈ మర్యాదను గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. ఏలయనగా, నేటి కళాశాలలలోని నడవడి సగము దానినుండి వచ్చినదే. తండ్రి యెదుట కొడుకు చుట్ట కాల్చడు. మామ వచ్చుచున్నాడనగనే అల్లుడు వెలుగుచున్న బీడీని పిడికిలిలో దాచును, లేదా గోడకు రాచి ఆర్పి చెవిమీద నిలుపును. గుడి ఆవరణలోను, పంచాయతి కూర్చున్న రచ్చకట్టమీదను పెద్దల అనుమతి లేక పొగ లేవదు. పట్టునూలున్న చోట నిప్పురవ్వకు చోటులేదు గనుక ధర్మవరపు గుంతమగ్గమున కూర్చున్న నేతగాడు పొగ కావలసినచో నాడెను విడిచి వీథిలోనికి రావలసినదే. వక్కాకులో పొగాకు తునక కలిపి నమలు ముసలమ్మకు ఆక్షేపణ లేదు; నస్యపు డబ్బి మూత తట్టి తెఱచి చిటికెడు పీల్చి పాఠము చెప్పిన అయ్యవారికిని ఆక్షేపణ లేదు. ఆక్షేపణయంతయు చిన్నవాడు పెద్దవాని ముఖముమీద పొగ విడుచుటయందే.

పొగాకు అమ్ము అంగడులు కూడ ఈ ఏర్పాటునకు అనుగుణముగనే నడచినవి. అంగడి గుంజకు వ్రేలాడగట్టిన కొబ్బరినారత్రాడు, చివర నిప్పు రాజుకొని, ఉదయమునుండి రాత్రి దుకాణము మూయువఱకు మెల్లగ కాలుచు, అగ్గిపుల్ల కొననక్కఱలేకయే వచ్చినవారందఱకు నిప్పిచ్చుచుండెడిది. త్రాటిని ఎడమచేత పట్టి, బీడీ కొనను నిప్పునకు ఆనించి, రెండు మార్లు బుగ్గలు లోనికి లాగి వెలిగించుకొన్న పిదప మనిషి అంగడి యెదుట నిలువక ప్రక్క సందులోనికి తొలగును, బజారున పెద్దలు తిరుగుచుందురు గనుక. పొగ మానలేదు; చాటు మాత్రము దొరకినది. ఈ మర్యాద చూచుటకు సొగసైనదే గాని, హాని విషయమున నిరుపయోగమైనది. చాటున త్రాగిన పొగ ఊపిరితిత్తులను విడిచిపెట్టదు. పైగా చాటున త్రాగుట యౌవనమునకు ఒక సాహసముగ కూడ కనబడును.

ఈ స్థితిలో మఱియొక విధమైన న్యాయము ఇనుపదారివెంట వచ్చినది. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మూడును ఒకే రైలుమార్గముమీది స్టేషనులు. గుంతకల్లు బెంగుళూరు నడుమ ఆ మార్గము 19వ శతాబ్ది చివరి దశాబ్దమున ఏర్పడినది. 1890 నాటి భారత రైల్వే చట్టము 110వ సెక్షనులో, తోటి ప్రయాణికుల సమ్మతి లేక, ప్రత్యేకముగ కేటాయింపబడని పెట్టెలో పొగ త్రాగినవానికి ఇరువది రూపాయలవఱకు జుల్మానా విధింపవచ్చునని వ్రాయబడినది. ఆనాటి ఇరువది రూపాయలు పేదవానికి నెలల సంపాదన. ధర్మవరము జంక్షనులో ఎందఱకు ఆ జుల్మానా పడినదో నేను చెప్పజాలను గాని, ఆ సెక్షనులోని భావము మాత్రము ఈ సీమలో అపూర్వమైనదని చెప్పగలను. అది పెద్దవాని సమ్మతిని కోరలేదు. కులము, వయస్సు, వేషము ఏమియు అడుగలేదు. పెట్టెలో కూర్చున్న మనిషి యగుటయే చాలునన్నది. మామ యెదుట దాచిన బీడీని అపరిచితుడైన కూలివాని యెదుటను ఆర్పవలసివచ్చుట, ఈ ప్రాంతపు మర్యాదల చరిత్రలో చిన్న సంగతి కాదు.

కళాశాలలు అటు తరువాత వచ్చినవి. 1916లో అనంతపురమున స్థాపింపబడిన దత్తమండల కళాశాల, నేటి ప్రభుత్వ ఆర్ట్సు కళాశాల, చాలకాలము ఈ మూడు పట్టణముల పిల్లలకు దగ్గఱిలోని ఉన్నతవిద్యకు ఆశ్రయమైనది. ఇంగ్లీషు చదువుతో పాటు పొగ కూడ విద్యావంతుని లక్షణమను భ్రమ అప్పటికే తెలుగుదేశమున వ్యాపించియుండెను. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన కన్యాశుల్కమున గురజాడ అప్పారావుగారు దీనిని ఎంత నిశితముగ పట్టుకొనిరో చూడుడు: తనకు గురువువలన పట్టుబడినది చుట్ట కాల్చుట యొక్కటే యని వెంకటేశము గిరీశమును ఎత్తిపొడుచును. ఇచ్చట శిష్యుడు గురువు చాటున కాల్చుటలేదు; గురువే నేర్పినాడు. పాత మర్యాద విఱిగిపోయిన స్థలము అది, దాని బదులు మఱియొక న్యాయము కుదురుకొనకమునుపే.

స్వాతంత్ర్యానంతరము హిందూపురమునను, ధర్మవరమునను, పిదప పెనుకొండలోను డిగ్రీ చదువులు వచ్చినవి. అప్పటికి గుంటూరు మండలపు వర్జీనియా పొగాకు దేశమునకు విదేశ మారకమును ఆర్జించి పెట్టు పంటయైనది. 1947లో రాజమహేంద్రవరమున పొగాకు పరిశోధనా సంస్థ, 1976లో గుంటూరున పొగాకు బోర్డు వెలసినవి. సినిమా నాయకుని పెదవిమీద సిగరెట్టు వెలుగుచుండెను. ప్రభుత్వమొక చేత పొగాకును పెంచుచు, వేఱొక చేత దానిని వారింపవలసివచ్చిన కాలమది. గాంధీమహాత్ముడు బాల్యమున తాను పినతండ్రి పాఱవేసిన బీడీ ముక్కలను ఏఱి కాల్చిన వృత్తాంతమును, అందులకై నౌకరు కాసులను దొంగిలించుటను ఆత్మకథలో దాపరికము లేక చెప్పి, పిదప ఆరోగ్యమును గూర్చిన తన గ్రంథమున పొగాకును నిరసించియుండెను; ఖద్దరు ధరించినవారిలో సయితము ఆ మాట విన్నవారు కొందఱే.

కళాశాలలో అప్పటి నియమము ఇంటి నియమమే. ఉపన్యాసకుడు వరండాలో కనబడగనే విద్యార్థి సిగరెట్టును క్రింద పడవైచి కాలితో త్రొక్కును. ఉపన్యాసకుడు చూడనట్లు పోవును. సిబ్బంది గదిలో అతడును వెలిగించుకొనవచ్చును. పెద్దరికమును కాపాడు నియమము కళాశాలలో ఎంతకాలము నడచినను, అది ఆరోగ్య నియమముగ మాఱదు.

మార్పు వైద్యశాస్త్రమునుండి వచ్చినది. 1950లో ఇంగ్లండున డాల్, హిల్ అను శాస్త్రజ్ఞులు సిగరెట్టునకును ఊపిరితిత్తుల పుట్టకుఱుపునకును గల సంబంధమును నిరూపించిరి. మన రాష్ట్రమునకును ఇందు భాగము కలదు. కోస్తా ఆంధ్రమున స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగు అడ్డపొగ వలన అంగిలికి పుట్టకుఱుపు వచ్చుచున్నదని డి. జి. రెడ్డి, వి. కె. రావు అను వైద్యులు 1957లో ప్రకటించిన వ్యాసము ప్రపంచ వైద్యసాహిత్యమున నిలిచినది. 1975లో సిగరెట్టు పెట్టెలపై హెచ్చరికను కేంద్ర చట్టము నిర్బంధము చేసినది. 1981లో జపానునందు హిరయామా అను పరిశోధకుడు, తాము ఎన్నడును పొగ త్రాగకయే, త్రాగు భర్తలతో కాపురము చేసిన స్త్రీలకు ఊపిరితిత్తుల వ్యాధి హెచ్చుగ వచ్చుచున్నదని చూపెను. నా దృష్టిలో కళాశాల చర్చ మలుపు తిరిగినది ఈ సంవత్సరముననే. అక్బరు సభలో ఎవరును అడుగని ప్రశ్నకు అంకెలతో సమాధానము దొరకినది.

న్యాయస్థానములు ఆ పిదప మేల్కొన్నవి. 1999 జూలైలో కేరళ ఉన్నత న్యాయస్థానము బహిరంగ స్థలములలో పొగ త్రాగుటను ప్రజాబాధకమని నిషేధించినది. మురళీ దేవరా వేసిన వ్యాజ్యమున 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, గ్రంథాలయములు, కోర్టులు, రైళ్లు, బస్సులు మొదలగువానియందు పొగను మాన్పుమని ఆజ్ఞాపించినది. 2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ధూమపాన నిషేధ, ఆరోగ్య పరిరక్షణ చట్టమును చేసినది. 2003 నాటి కేంద్ర చట్టము విద్యాసంస్థకు నూఱు గజములలోపల పొగాకు వస్తువుల అమ్మకమును, పదునెనిమిది యేండ్లు నిండనివారికి ఎచ్చటనైనను అమ్ముటను నిషేధించినది. వాగ్భటుని సంఖ్య ఇచ్చట మరల వచ్చినది. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, బహిరంగ ధూమపాన నిబంధనలు అమలులోనికి వచ్చి, అఱువది సెంటీమీటర్ల పొడవు, ముప్పది సెంటీమీటర్ల వెడల్పు గల ఫలకమును ద్వారమున పెట్టవలెననియు, ఫిర్యాదు ఎవరికి చేయవలెనో ఆ పేరు దానిపై ఉండవలెననియు విధించినవి. రెండు వందల రూపాయలవఱకు జుల్మానా వేయు అధికారము ప్రధానాచార్యునకును సంక్రమించినది.

ఇక ఈ మూడు పట్టణములలో చర్చ ఏ రూపమున నడచుచున్నదో చూతము. పదునెనిమిది యేండ్లకు ఓటు వేయదగిన విద్యార్థికి తన నోటిమీద అధికారము లేదా యని అడుగువారున్నారు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నోరు అతనిదే, గాలి మాత్రము తరగతిలో నలువది మందిది, హాస్టలు గదిలో నలుగురిది. రెండవ ఆక్షేపణ బంకులవారిది. హిందూపురమువంటి ఇఱుకు ఊరిలో ఒక కళాశాలనుండి నూఱు గజములు కొలిచినచో అవి ముగియుచోట మఱియొక బడి గేటు మొదలగును, ఆ లెక్కన బజారున పెట్టె పెట్టుకొనుటకు జానెడు చోటును మిగులదని వారందురు. వారి కష్టము నిజమైనది. నిషేధింపబడినది పొగాకు వస్తువే గనుక టీ, బిస్కట్లు, జిరాక్సు కాగితములతో బంకు నడచుటకు చట్టము అడ్డు రాదు. అయినను సరకు మార్చుకొనువఱకు వారికి పురపాలక సంఘములు చేయూతనిచ్చుట ధర్మము. చట్టములోనే మఱియొక చిక్కు కలదు. 2003 చట్టమున బహిరంగ స్థలమను దానిలో విద్యాసంస్థలను చేర్చి, ఆరుబయలును మినహాయించిరి. కళాశాల ఆటస్థలము, చెట్టుక్రింది అరుగు, సైకిళ్ల షెడ్డు వెనుక జాగా ఏ కోవకు చెందునని తర్కించు విద్యార్థిని నేను తప్పుపట్టను. 2008 నిబంధనలు జనులు వచ్చిపోవు ఆరుబయలు స్థలములను ఆ మినహాయింపునుండి తొలగించి ఈ చిక్కును చాలవఱకు విప్పినవి. ఈ సంగతి ఫలకముపై లేదు, తరగతిలో ఎవరును చెప్పరు.

ఒకప్పుడు పెనుకొండ తాలూకాలోనిదైన పుట్టపర్తిలో, ఆశ్రమమునందును దాని విద్యాసంస్థలందును పొగకు తావు లేదు. అచ్చట ఆ నియమము శ్రద్ధనుండి పుట్టినది, చేరునప్పుడే అందఱును ఎఱిగి అంగీకరించినది. దానిని యథాతథముగ ప్రభుత్వ కళాశాలకు తేలేము. అచ్చటకు గొల్లపల్లెనుండియు, నేతగాని యింటినుండియు, కన్నడము మాటలాడు సరిహద్దు గ్రామమునుండియు పిల్లలు వత్తురు. వారిని కలుపునది గురుభక్తి కాదు, ఒకే గదిలో పీల్చు గాలి. అందుచేత అచ్చటి నియమము 1890 నాటి రైలుపెట్టె న్యాయమునకు దగ్గఱగ ఉండవలెనే గాని మామయెదుటి మర్యాదకు కాదు. దానికి మొదటి షరతు, సిబ్బంది గదిలో పొగ లేకుండుట. అధ్యాపకుడు వెలిగించుకొన్న నాడు విద్యార్థికి విధించిన జుల్మానా మరల పెద్దరికముగనే మాఱును.

ఇప్పుడు పొగ రూపమును మార్చుకొన్నది. 2019లో పార్లమెంటు ఎలక్ట్రానిక్ సిగరెట్లను నిషేధించినది. ఆ యేడే కేంద్ర ఆరోగ్య శాఖ విద్యాసంస్థలను పొగాకు రహితములుగ చేయుటకు మార్గదర్శకములు వెలువరించి, ప్రాంగణమునుండి నూఱు గజముల మేర పసుపుగీత గీయుమనియు, సిబ్బందిలోను పై తరగతుల విద్యార్థులలోను పర్యవేక్షకులను నియమింపుమనియు సూచించినది. గీత గీయుట మంచిదే. పర్యవేక్షకుని నియామకముకంటె ముందుగ, చట్టము ప్రతిని తెలుగులోను, హిందూపురమున కన్నడములోను అచ్చువేయించి, పొగ త్రాగు విద్యార్థులను కూడ సభకు పిలిచి, బంకువానిని, హాస్టలు వార్డెనును, ఉబ్బసముతో బాధపడు సహపాఠిని ఒకే వేదికపై మాటలాడనిచ్చినచో, గోడ వెనుక సందులోనికి తొలగిపోవు ప్రాత అలవాటునకు ఆ పిల్లలు తామే కారణము వెదకికొందురు. ఈ మూడు పట్టణములలోని కళాశాలలు ప్రతి యేట జనవరిలో వక్తృత్వపు పోటీలు జరుపుచునే యున్నవి. విషయముల జాబితాలో దీనిని చేర్చుటకు ప్రభుత్వపు ఉత్తరువు కొఱకు కాచుకొనవలసిన పనిలేదు.